ఎకో కింద ఊపిరి

మన్మథరావు పుణ్యమా అని పలాస చుట్టుపక్కల దేవుళ్లందరూ గుహల్లో కాపురముంటున్నారు. అమ్మవారి పాట కానీ, అయ్యప్ప దీక్షల పాట కానీ, కాశీబుగ్గలోని అతని స్టూడియోలో తయారైందంటే పాడిన మనిషి ఏ కొండబిలంలోనో నిలబడి గొంతెత్తినట్టే ఉంటుంది. మామూలు గదిలోంచి పిలిస్తే దేవుడు పలకడని ఎవరు కనిపెట్టారో తెలియదు. పాట చేయించుకోవడానికి వచ్చేవాళ్లందరిదీ మాత్రం అదే నమ్మకం. "బాగుంది గానీ ఇంకాస్త భక్తి తగలాల" అంటారు. ఎకో పెంచమని దాని అర్థం. మన్మథరావు తెర మీద ఒక గీతను పైకి జరుపుతాడు. భక్తి పెరుగుతుంది.

అతను టెక్కలిలో పుట్టాడు. తండ్రికి మైకుసెట్ల దుకాణం ఉండేది. పెళ్లిళ్లకీ పార్టీల మీటింగులకీ అక్కణ్నుంచే హారన్లు వెళ్లేవి. యాంప్లిఫయర్ పక్కన ఇటుకంత ఎకో పెట్టె ఒకటి ఉండేది. దాన్ని నొక్కితే ఉపన్యాసంలో చివరి మాట మళ్లీ మళ్లీ మోగేది, నాయకుడు మురిసిపోయేవాడు. డిగ్రీ తప్పాక మన్మథరావు విశాఖపట్నంలో ఒక రికార్డింగ్ స్టూడియోలో చేరి, కొన్నేళ్లు వైర్లు చుట్టి, టీలు మోసి, మెల్లగా కంప్యూటర్ ముందు కూర్చోవడం నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక కాశీబుగ్గ వచ్చి, ఒక జీడిపప్పు వ్యాపారి గోదాము వెనక గదిలో సొంతంగా మొదలుపెట్టాడు.

భార్య కమలకుమారి అతని మేనమామ కూతురే. మేనమామ సింహాచలానిది కవిటి దగ్గర ఒక ఉద్దానం పల్లె. కొబ్బరితోట, కాస్త జీడితోట. కిడ్నీ జబ్బుతో పోయాడు. ఉద్దానంలో ఈ మాట వింటే ఎవరూ అయ్యో అనరు. "ఎన్నాళ్లు తిరిగాడు?" అని అడుగుతారు. ఆస్పత్రి చుట్టూ అని.

స్టూడియో గోడలకు నురగ పలకలు కొనలేక మన్మథరావు అత్తవారి తోట నుంచి కొబ్బరిపీచు తెప్పించి, జీడిపిక్కల గోనెసంచుల్లో కుక్కి, నేల నుంచి పైకప్పు దాకా దట్టించాడు. ఆ గదిలో చప్పట్లు కొడితే చప్పుడు పుట్టినచోటే చచ్చిపోతుంది. మొదటిసారి వచ్చినవాళ్లు చెవులు మూసుకుపోయాయేమోనని వేలు పెట్టి చూసుకుంటారు. అక్కడ పాడిన గొంతు ఏ గోడకీ తగలకుండా, ఒంటరిగా వచ్చి మైకులో పడుతుంది. దాన్ని అతను ఎండు గొంతు అంటాడు. తన ఎండు గొంతు తాను వింటే ఎంత పాటగాడికైనా సిగ్గేస్తుంది. నాలుక తడి, పళ్ల సందుల్లోంచి జారే గాలి, మింగిన గుటక, అన్నీ అందులో ఉంటాయి.

అతని పని అక్కడ మొదలవుతుంది. రివర్బ్ అంటే ఆ గొంతు చుట్టూ గోడలు కట్టడం. దగ్గరగా కడితే గది, దూరంగా కడితే గుడి మంటపం, ఇంకా పెంచితే గుహ. డిలే అంటే పలికిన మాటే ఒక్క క్షణం ఆగి వెనక నుంచి మళ్లీ రావడం. నూతిలోకి వంగి ఎవరినైనా పిలిచినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఈ రెండూ గొంతుకి అందం తెస్తాయన్నది సగం నిజం. మిగతా సగం, ఇవి తప్పుల్ని మింగేస్తాయి. శ్రుతి కాస్త జారితే రివర్బ్ దాని మీద దుప్పటి కప్పుతుంది. పదం చివర తెగిపోతే డిలే ఆ ఖాళీలోకి ముందరి మాటను తెచ్చి పడేస్తుంది. రెండుసార్లుగా పాడించి, కోసి, అతికిస్తే ఆ అతుకు మీద రెంటినీ పరిచేయొచ్చు. మన జనానికి ఎకో పిచ్చి అని సంగీతం తెలిసిన పెద్దలు ఈసడిస్తారు. పొద్దంతా జీడిపిక్కలు కాల్చే పొగ పీల్చి సాయంత్రం పాటకొచ్చే మనిషి గొంతు ఆ పెద్దలు ఎండుగా విన్న పాపాన పోలేదు.

కమలకుమారి పాట నేర్చింది వరి ఊడ్పుల్లో, తల్లి రత్నాలమ్మ పక్కన నడుం వంచి. అక్కడో పద్ధతి ఉంది. ముందువరసలో ఉన్నామె పాట ఎత్తుకుంటుంది. చరణం ఎంత పొడుగైనా ఒక్క ఊపిరిలో కొస దాకా లాగాలి. అప్పుడు మిగతావాళ్లు అందుకుంటారు. మధ్యలో ఊపిరి తెగిందా, పక్కామె లాక్కుంటుంది. మర్నాటి నుంచి ముందువరస ఆ పక్కామెది. తగవుండదు, ఓదార్పూ ఉండదు. ఊపిరి తెగినామె వచ్చి వెనకవరసలో వంగుతుంది. కమల పెళ్లికి ముందే తల్లి దగ్గర ముందువరస లాక్కుంది. రత్నాలమ్మ ఆ సంగతి సొంత గెలుపులా చెప్పుకుంటుంది.

పెళ్లయ్యాక మొగుడి స్టూడియోలో మొదట కోరస్ పాడింది. తర్వాత పాటలే పాడింది. సోంపేట, ఇచ్ఛాపురం దాకా ఆడవాళ్ల ఫోన్లలో ఆమె గొంతు ఉంది.

ఈ యేడు ఎండలు ఇంకా తగ్గకముందే అప్పలరాజు ఒక గౌరమ్మ పాట చేయించాడు. అప్పలరాజు జీడిపప్పు ఏజెంటు. సరదాకి పెట్టిన యూట్యూబ్ చానల్ ఇప్పుడు అతనికి జీడిపప్పు కన్నా ముద్దు. పండగ నాటికి పూర్తి పాట వెయ్యాలని, ముందుగా ఒక చరణం రుచి చూపించాడు. వారం తిరక్కుండానే ఫోన్ పట్టుకుని స్టూడియోలో దిగాడు.

"బావా, కామెంట్లు సూసావేటి?"

"ఏటంట?"

"'కమలక్క నూతిలో పడిపోయి పాడతన్నాది, ఎవులైనా తాడెయ్యండ్రా' అని రాసాడొకడు. ఊరు ఊరంతా దాని కింద పళ్లికిలించీరు."

"ఆడికేటి తెలుసు పాటంటే."

"తెలీకపోతేనేటి, ఇనేది ఆడే గదా. ఇప్పుడందరూ సెవిలో పెట్టుకుని ఇంటన్నారు బావా. పక్కన కూసుని పాడినట్టుండాల. నీ గుహలొద్దు. ఎకో మొత్తం తీసీ."

"మొత్తం తీసీత్తే గౌరమ్మ పాటలాగుండదురా."

"గౌరమ్మకి సెముడేటి? దగ్గరగా పాడితే ఇనబడదేటి?"

వాదించడం దండగనుకుని మన్మథరావు పాట తెరిచాడు. రివర్బ్ ఆపాడు. డిలే ఆపాడు. ప్లే నొక్కాడు.

చరణం బాగానే మొదలైంది. సగంలో ఒక ఊపిరి వినిపించింది. పాటల్లో ఊపిరులుంటాయి; వాటిని తగ్గించడం అతని రోజువారీ పనే. ఇది అలాంటిది కాదు. ఎండిన కుండ అడుగున చెంబు గీరుకున్నట్టుంది. దాని వెనకే అతను కోసి అతికించిన అతుకు, కప్పు లేచిపోయిన గోడలా నిలబడింది. కాస్త ముందుకెళ్లాక ఇంకో గీరు. ఇంకో అతుకు.

అప్పలరాజు ఫోన్ చూడటం మానేశాడు.

"అక్కకి జలుబు సేసిందేటి?"

"ఆఁ. జలుబే."

"ఇంతెండలో జలుబేటి బా..." అని, అతను మాట మధ్యలో మింగేశాడు. లేచి చొక్కా సర్దుకున్నాడు. "సరే, తగ్గాక పాడించు. తొందర్లేదు."

అప్పలరాజు నోట తొందర్లేదన్న మాట అదే మొదలు. పెళ్లిచూపులకైనా పాట పూర్తయ్యాకే వెళ్తానన్న రకం అతను. అతను వెళ్లిపోయాక కూడా మన్మథరావు చెవిలో ఆ గీరుకన్నా ఆ మాటే ఎక్కువసేపు ఉంది. అప్పలరాజు అమ్మమ్మగారిదీ ఉద్దానమే.

కంప్యూటర్లో కమల పాడిన పాత పాటలన్నీ ఉన్నాయి. కరోనాకి ముందు పాడిందొకటి తెరిచి, ఎకో ఆపి విన్నాడు. చరణం మొదటి నుంచి కొస దాకా ఒకటే తీగ. ఆ తర్వాతి పాటలోనూ తీగ తెగలేదు, కొసన కాస్త వణికింది. నిరుటి పాటలో మధ్యన ఒక కోత. ఆ కోత కోసింది తనే. "ఇయాల బాగోలేదు బావా, రెండు ముక్కలుగా పాడతాను, అతికించీ" అంది ఆమె. అతికించాడు. ఇంకో సంగతి కూడా కనిపించింది. పాట పాటకీ రివర్బ్ గీత పైకి పోయింది. "కాస్త ఎక్కువెయ్యి బావా, నాకలగే ఇష్టం" అని కమల అనేది. ఆమెకి అదో ముచ్చట అనుకున్నాడు. తన పనితనం కూడా పెరుగుతోందనుకున్నాడు. ఈ గౌరమ్మ పాట మిక్స్ విని విశాఖ స్నేహితుడొకడు మెచ్చుకుంటే రెండ్రోజులు ఉబ్బిపోయాడు.

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. పీచు గోడల మధ్య తన గుండె కొట్టుకోవడం తనకే వినిపించింది. దాన్ని ఆపడానికి ఏ గీతా లేదు.

ఉద్దానంలో జనం రక్తపరీక్షకి ఎందుకు రారని పరిశోధనలకి వచ్చినవాళ్లు రాసుకుపోతుంటారు. అవగాహన లేక, అని తేలుస్తారు. అవగాహన మరీ ఎక్కువై రారన్నది వాళ్లకి తోచదు. కిడ్నీ ఎంత చెడిందో చెప్పే క్రియాటినిన్ అన్న మాటకి నోరు తిరగని ముసలమ్మ కూడా తన వీధిలో ఎవరికి ఎంత ఉందో చెప్పగలదు. ఒకసారి ఆ అంకె అంటుకుంటే అదే మనిషి పేరైపోతుంది. దాని తర్వాత ఏ వరసలో ఏమేం జరుగుతాయో పక్కింట్లో, ఎదురింట్లో, తన ఇంట్లో కళ్లతో చూసినవాళ్లు వాళ్లు. నీళ్ల గురించి ఒకరు, పురుగుమందుల గురించి ఒకరు, నేల గురించి ఒకరు చెప్పి వెళ్లారు. కారణం ఏదైతేనేం, తెలియనంతసేపు లేనట్టే. మన్మథరావు చదువుకున్నవాడే. అతనికీ ఆ పూట తోచింది అదే. ఈ పాట ఎలాగో కప్పేసి అప్పలరాజుకిచ్చేస్తే సరి.

మర్నాడు పొద్దున్న కమల వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కాళ్లు బారజాపింది. ఉద్దానం మనుషులు పలకరించేటప్పుడు ముందు మొహం చూస్తారు, వెంటనే కాళ్లు చూస్తారు. మన్మథరావుకి ఆ అలవాటు ఉండేది కాదు. ఆ రోజు చూశాడు. ఎప్పుడో విడిచేసిన చెప్పు పట్టీ గాడి ఇంకా పాదం మీద అలాగే ఉంది. మట్టెలు లేవు.

"మట్టెలేవీ?"

"బిగుసుకుపోతన్నాయని తీసీసాను. మార్పించాల." తలెత్తింది. "ఏటలగ సూత్తన్నావు, నా కాళ్లేటి కొత్తగా మొలిసాయేటి?"

ఆ పాదం మీద బొటనవేలితో నొక్కి, గుంట పడుతుందో లేదో చూడాలనిపించింది. మేనమామ కాళ్లని ఊరంతా అలాగే నొక్కి చూసింది. చెయ్యి చాపలేకపోయాడు.

"అప్పలరాజు పాట మళ్లీ పాడమంటన్నాడు."

"ఏటి, బాగోలేదంటనా?"

"ఎకో లేకుండా కావాలట."

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "ఆడి మొకం. ఎకో లేకుండా పాటేటి? జీడిపిక్కలమ్ముకునీవోడికి పాట గోలెందుకు?" అని, లేచి లోపలికెళ్లిపోయింది. ఆ లేవడం కూడా గుమ్మం పట్టుకుని, మధ్యలో ఒకసారి ఆగి లేవడం.

రెండ్రోజులు ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. మూడోనాడు పొద్దున్న ఆమె తనంతట తనే స్టూడియోకి వచ్చింది. తల దువ్వుకుని, పూలు పెట్టుకుని వచ్చింది, కచేరీకి వచ్చినట్టు.

పాడే గదికీ అతను కూర్చునే చోటుకీ మధ్య ఒక అద్దం. ఇటు మాట అటు గదిలోని చిన్న స్పీకరులోకి వెళ్లాలంటే మీట నొక్కాలి. అతను ముందే రికార్డు చేసిన తబలా, హార్మోనియం ఆమె హెడ్‌ఫోన్‌లోకి వదిలాడు. ఆమె ఎత్తుకుంది. సగంలో తెగింది. "మళ్లీ" అంది. మళ్లీ సగంలోనే, ఇంకా ముందే తెగింది. "గాలి లేదు ఈ గదిలో. నీ పీచు వాసనొకటి" అంది. మూడోసారి పాడకుండా మైకు ముందు నిలబడిపోయింది.

"బావా, ఎకో పెట్టి ఇను. బాగానే ఉంటాది."

అతను మీట నొక్కాడు. ఎదురుగా ఉంటే అడగలేకపోయేవాడు. అద్దం అడ్డముంది గనక అడిగాడు.

"కమలా, ఎన్నాళ్లనుంచి?"

హెడ్‌ఫోన్‌లో ఆమె ఊపిరి మాత్రం వస్తోంది. పైకి, కిందికి. గోడల్లేని ఊపిరి, సరిగ్గా అతని చెవుల మధ్యన.

"నన్నడుగుతావేటి? కోసింది నువ్వు, అతికించింది నువ్వు. నీకు తెలీదేటి? నువ్వేటైనా అంటావేమోనని నాను సూసాను. నువ్వు అనలేదు. సరే, ఏటీ లేదు కావాల్ననుకున్నాను."

నిరుటి నుంచి ఒకరు ఊపిరి దాచారు, ఒకరు ఆ దాచింది దాచారు. ఎదుటివాళ్లకి తెలియదని ఇద్దరూ ధైర్యం తెచ్చుకున్నారు.

"పరీచ్చ సేయించుకుందాం."

"వద్దు."

"ఒక్కసారి..."

"మా నాన్న పరీచ్చకెల్లిన ముందురోజు కొబ్బరిసెట్టెక్కి కాయలు దింపాడు. గుర్తుందా? నువ్వూ ఉన్నావు. పరీచ్చ సేయించుకొచ్చిన రోజు మంచమెక్కాడు. మరి దిగలేదు. రోగమేటి ఒక్క రాత్రిలో ఒచ్చిందా? ఆ కాయితమొచ్చింది." హెడ్‌ఫోన్ తీసేసింది. "నాకు కాయితమొద్దు. ఉన్నన్నాళ్లు పాడతాను."

మేనమామ విషయంలో ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ధైర్యం చెప్పే మాటలు మన్మథరావుకి తెలుసు. ఆస్పత్రి గోడల మీద రంగుల్లో రాసుంటాయి. అవి పట్టుకెళ్తే కమల చీపురు తీసుకునేది. అందుకని అతను భయపడ్డవాడు చేసే పనే చేశాడు. బెదిరించాడు.

"అయితే ఇంక నాను కొయ్యను. నువ్వెలగ పాడావో అలగే ఇచ్చీత్తాను అప్పలరాజుకి. ఎకో ఎయ్యను. ఊపిరి తియ్యను."

ఆమె వెనక్కి తిరిగింది. మైకు ఇంకా తెరిచే ఉంది.

"అలగిచ్చీత్తావా?"

"ఇచ్చీత్తాను."

"మనోళ్లు ఇంటారు బావా. సోంపేట ఆడోళ్లు ఇంటారు. మాయమ్మ ఇంటాది."

"ఇననీ."

"ఆళ్లకి తెలీదేటి, ఆ ఊపిరేటో? సచ్చిపోయినోళ్ల పక్కన కూసున్నోళ్లు ఆళ్లు. నీకేటి పోయీకాలమొచ్చిందా?"

అతను చేతులు బల్ల కిందికి దింపుకున్నాడు, అద్దంలోంచి ఆమెకి కనబడకుండా. దీన్ని ప్రేమ అని రాసేవాళ్లు రాసుకోవచ్చు. ఆ గదిలో ఉన్నది ఇద్దరు మనుషుల భయం, అందులో ఒకరిది రెండోదాని మెడ మీద కాలేసింది. కమల పూలు తీసి మూలనున్న హార్మోనియం మీద పడేసింది. తలుపు దగ్గర ఆగింది.

"రేపు పొద్దున్న. మాయమ్మని రమ్మను. నీతో ఒక్కర్తినీ రాను, నువ్వు మనిసివి కాదు."

రత్నాలమ్మ కవిటి నుంచి బస్సులో దిగింది. కూతురింటికి ఎప్పుడొచ్చినా సంచి నిండా కొబ్బరిబొండాలుంటాయి. ఆ రోజు చేతులు ఖాళీ. ఈ జబ్బున్నవాళ్లకి డాక్టర్లు కొబ్బరినీళ్లు మాన్పిస్తారని తోటలవాళ్లందరికీ తెలుసు. తల్లి ఖాళీ చేతులు చూడగానే కమల మొహం తిప్పేసుకుంది. అంతకన్నా పెద్ద ఏడుపు ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ ఏడవలేదు.

ఆస్పత్రిలో రక్తం ఇచ్చాక ముగ్గురూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు కమల కాళ్లు చూస్తున్నారు. ఆమె చీర అంచు కిందికి లాక్కుంది. మన్మథరావు పెదాలు కదుపుతుంటే అత్తగారు పసిగట్టింది.

"ఏటి, మొక్కుకుంటన్నావా?"

"ఊఁ."

"సీసాలో రగతం పోసీసాక ఏ దేవుడు మారుత్తాడల్లుడూ? మొక్కీవోడివి నిరుడు మొక్కాల." కూతురి భుజం మీద చెయ్యేసింది. "ఏడకే. ఏడిత్తే అంకె తగ్గుద్దేటి? మీ నాన్న కోసం మేమందరం ఏడిసి సూసాం గదా."

"నానేడవట్లేదే అమ్మా."

"మరి అల్లుడేడుత్తన్నాడేటి?"

కమల అతని వైపు చూసింది. నిన్నటి నుంచి అదే మొదటిసారి.

పేరు పిలిచారు. డాక్టరు చిన్నపిల్ల, చదువు పూర్తయి ఎక్కువ కాలమైనట్టు లేదు. కాగితం చూసి, మళ్లీ చూసి, తిన్నగానే చెప్పింది. "కిడ్నీలు దెబ్బతిన్నాయమ్మా. రక్తం బాగా తక్కువుంది, మీ ఆయాసం ఎక్కువగా దానివల్లే. ఒంట్లో నీరు కూడా చేరింది. డయాలసిస్ దాకా రాలేదు."

"ఎప్పుడొత్తాది?" అంది కమల, బస్సు గురించి అడిగినట్టు.

"చెప్పలేను. మందులు మానకుండా వాడి, ఉప్పు తగ్గించి, ప్రతి నెలా పరీక్షకొస్తే చాలా ఏళ్లు ఆపొచ్చు. కొంతమందికి అసలు రాకుండానే గడుస్తుంది. కిందటేడు వచ్చుంటే ఇంకా బాగుండేది."

కిందటేడు. మొదటి కోత కోసిన యేడు. ఆ అతుకు మీద రివర్బ్ పరిచి, డిలే ఎంత గడువుతో తిరిగి రావాలో సగం రోజు కూర్చుని కుదిర్చాడు. ఎవరికీ తెలియకుండా కుదిరిందని చేతులు రుద్దుకున్నాడు.

"మీదీ ఉద్దానమేనా?" అంది డాక్టరు అతనితో.

"కాదండి. టెక్కలి."

"టెక్కలేటి?" రత్నాలమ్మ అందుకుంది. "సెలవలన్నీ మా నూతి నీళ్లే తాగాడు తల్లీ. ఆళ్లమ్మ మా యింటి ఆడపడుసే."

"అయితే మీరూ చూపించుకోండి. వచ్చారు కదా, ఇప్పుడే ఇచ్చెయ్యండి."

"రేపొస్తానండి. పనుంది" అన్నాడు మన్మథరావు.

కమల మంచమెక్కలేదు. మాత్రలు వేసుకుంటోంది, ఉప్పు లేని కూర తిని వండినవాళ్లని తిడుతోంది, వండింది తనే అయినా. కాళ్ల వాపు కాస్త తీసింది. రాత్రిళ్లు అప్పుడప్పుడు లేచి కూర్చుంటుంది. అతనూ లేచి కూర్చుంటాడు. ఇద్దరూ నీళ్లు తాగడానికి లేచినట్టు నటిస్తారు. గౌరమ్మ పాట సోంపేట నుంచి వచ్చిన సంధ్య అనే అమ్మాయి పాడింది. చరణం ఎక్కడ ఎత్తుకోవాలో కమలే నేర్పి, తను వెనక కోరస్‌లో నిలబడింది. అప్పలరాజు ఆమె మొహంలోకి చూడలేక ఫోన్‌లోకే చూస్తూ, "అక్కా, టీ తాగుతావా" అని పదే పదే అడిగి తిట్లు తిన్నాడు.

మన్మథరావు చెప్పిన ఆ రేపు మాత్రం రాలేదు. మిక్సింగ్ ఉందన్నాడు. కరెంటు పోయిందన్నాడు. టెక్కలిలో పెళ్లన్నాడు. ఆ మధ్య రోజుల్లో అతను తన కాళ్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. స్టూడియోలో ఎవరూ లేనప్పుడు మైకు ముందుకెళ్లి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాడకుండా ఊరికే ఊపిరి తీసి విన్నాడు. బాగానే ఉన్నట్టు అనిపించింది. ఇంకోసారి విన్నాడు. బాగోలేదనిపించింది. తర్వాత ఆ గదిలోకి వెళ్లడం మానేసి బయటి కుర్చీలోంచే పని చేశాడు.

ఒక సోమవారం పొద్దున్న స్టూడియోకి వెళ్లేసరికి తలుపుకి కొత్త తాళం. కమల మెట్టు మీద కూర్చునుంది.

"తాళంచెవేదీ?"

"నా దగ్గరుంది. ఆటో పిలు. రగతమిచ్చొచ్చాక ఇత్తాను."

"కమలా, అప్పలరాజు ఒచ్చీత్తాడే..."

"రానీ. మా ఆయన సూదికి బయపడి దాక్కున్నాడని సెప్తాను. అదీ ఛానల్లో ఏసుకుంటాడు."

"సూదికి కాదే."

"తెలుసు," అంది కమల. "నాకూ సూదికి కాదు."

ఆటో గతుకుల్లో ఆమె చెయ్యి అతని మోకాలు మీద పడింది, తియ్యలేదు. ల్యాబ్‌లో కుర్రాడు చొక్కా చెయ్యి మడవమన్నాడు. రబ్బరు పట్టీ కట్టి, గుప్పిట బిగించమని, సీసా మీద రాయడానికి పేరడిగాడు. మన్మథరావు నోరు తెరిచాడు. గొంతు రాలేదు. మళ్లీ అడిగాడు కుర్రాడు. పక్కన నిలబడి కమల చెప్పింది, ఇంటిపేరుతో సహా, మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుని.